లోపల ఇంకెవరైనా ఉన్నారా

కిందటి నెలలో మా కౌంటీ లైబ్రరీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఈ ప్రాంతంలో పదిమందికీ పనికొచ్చే పనులు చేసినవాళ్ళ ఫొటోలు గోడ మీద పెడుతున్నారట. వాళ్ళలో మా విశాల పిన్ని ఒకతె. ఫొటో కింద వేయబోయే నాలుగు వాక్యాలూ చదివి వినిపించి, తప్పులుంటే చెప్పమంది. ఇండియాలో లాయరు, అమెరికా వచ్చాక ఇమ్మిగ్రేషన్ లాయరు, ఇళ్ళల్లో బందీలుగా చాకిరీ చేస్తున్న ఆడవాళ్ళని విడిపించడానికి పాటుపడ్డ మనిషి, ఆ తర్వాత వర్జీనియా శాసనసభలో సభ్యురాలు. ఒక్క తప్పూ లేదు. “ఇంకేమైనా చేర్చాలా?” అని మర్యాదగా అడిగింది. అక్కర్లేదని చెప్పి ఫోన్ పెట్టేశాను గానీ ఆ రోజంతా నాకు చిరాగ్గానే ఉంది. పిన్ని పోయి ఏడాది దాటింది. ఆ నాలుగు వాక్యాల్లో ఆవిడ కుంకుమ పళ్ళెం లేదు, పొగ అలారం కింద తువ్వాలు ఊపే మా బాబాయి లేడు, నాగమణి లేదు. నాగమణి లేకపోతే మొదటి రెండు వాక్యాల తర్వాత మిగతా రెండూ ఉండేవి కావు. గోడ మీద చోటు లేకపోతే పోనీ, నా దగ్గర కాగితాలకేం కొదవ లేదు.

నేను ఎం.ఎస్. చదవడానికి వచ్చిన కొత్తలో షాంటిలీ అనే ఊళ్ళో పిన్నీ బాబాయిల ఇంట్లోనే ఉన్నాను. బేస్‌మెంట్ నాది. కార్పెట్ మీద ఒక పరుపు, కిటికీలోంచి కనిపించే గడ్డి మొదళ్ళు, పక్కగదిలో గురగురలాడే హీటరు. విశాల పిన్ని మా అమ్మకి స్వయానా చెల్లెలు. బెజవాడ కోర్టులో కొన్నేళ్ళు ప్రాక్టీసు చేసి, పెళ్ళయ్యాక ఇక్కడికి వచ్చి, మళ్ళీ చిన్నపిల్లలా కూర్చుని చదివి ఇక్కడి బార్ పరీక్ష పాసైంది. పిల్లలు లేరు. ఎవరైనా ఆ సంగతి జాలిగా ఎత్తితే “మీ పిల్లలందరి వీసాలూ నేనే కదండీ చూస్తున్నది” అని నవ్వేసేది. మనిషి పొడుగు. గొంతు అంతకంటే పెద్దది. కోర్టుకి కోటూ ప్యాంటూ వేసుకుని వెళ్ళినా నుదుటి మీద రూపాయంత కుంకుమ బొట్టు ఉండాల్సిందే. ఒకసారి జడ్జిగారు అది దెబ్బేమోనని కంగారుపడి అడిగారని బాబాయి చెప్పి నవ్వేవాడు. పిన్ని మాత్రం ఆ సంగతి కాదనేది కాదు, ఔననేది కాదు.

ఆ ఇంట్లో పొద్దున్నే రెండు వాసనలు పోటీ పడేవి. ఒకటి బాబాయి డికాషన్, రెండోది పిన్ని మాడ్చిన పోపు. పిన్ని వంట చేస్తూ ఎప్పుడూ ఏదో ఒక ఫైలు చదువుతుండేది, అందువల్ల ఆవాలు తమ దారి తాము చూసుకునేవి. పోపు మాడిందంటే పొగ అలారం మోగుతుంది. అది మోగకముందే బాబాయి తువ్వాలు తీసుకుని దాని కింద నిలబడి ఊపడం మొదలుపెట్టేవాడు. బయట మంచు పడుతున్నా సరే కిటికీలన్నీ తెరిచేవాళ్ళం. మూర్తి బాబాయి ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో చాలా పెద్ద పనే చేసేవాడు, కానీ ఆ ఇంట్లో ఆయన హోదా అది. పిన్ని మాడ్చిన పప్పుని ఏ రోజూ వంక పెట్టకుండా తినేవాడు. నాకు మాత్రం ఊరగాయ సీసాని పళ్ళెం పక్కకి జరిపేవాడు.

శనివారం పొద్దున భోజనాల బల్లే ఆఫీసు. హెచ్ వన్ కుర్రాళ్ళు, డిపెండెంట్ వీసా మీద వచ్చి ఏం చెయ్యాలో తోచని అమ్మాయిలు, స్టేటస్ పోతుందేమోనని నిద్రపట్టని స్టూడెంట్లు, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వచ్చేవాళ్ళు. పిన్ని అందరికీ ముందు కాఫీ ఇచ్చి, చెప్పింది మొత్తం విని, చెయ్యాల్సింది చెప్పి, చివర్లో తప్పకుండా ఒక మాట అడిగేది: “ఇంకేమైనా ఉందా, చెప్పాల్సింది?” వాళ్ళు లేదండీ అని లేచేవాళ్ళు. పిన్ని కూడా లేచి, వాళ్ళు బూట్లు తొడుక్కునే చోటిదాకా వెళ్ళి నిలబడేది. అసలు సంగతి అక్కడ బయటికొచ్చేది. లేసులు కట్టుకుంటూ, మొహం చూడకుండా, “అదీ ఆంటీ, మా ఎంప్లాయర్ నాలుగు నెలల్నుంచీ పే చెయ్యట్లేదు” అనేవాడు కుర్రాడు. “ఆయన నా పాస్‌పోర్ట్ లాకర్‌లో పెట్టి కీ ఇవ్వట్లేదండీ” అనేది ఇంకో అమ్మాయి. “కూర్చుని చెప్పేది కేసు. చెప్పుల దగ్గర చెప్పేది బతుకు. అందుకే గుమ్మం దాకా వెళ్తాను రమా” అని నాకు పాఠం చెప్పేది పిన్ని. నేను చదువుతున్నది కంప్యూటర్లు. ఐనా ఆ పాఠమే నాకు ఎక్కువ పనికొచ్చింది.

ఆవిడకి ఇలాంటిదే ఇంకో అలవాటు ఉండేది. అది మా అమ్మమ్మ నుంచి వచ్చింది. ఎవరింట్లో నోమో వ్రతమో జరిగినా, పేరంటాళ్ళకి పసుపు కుంకుమలూ తాంబూలమూ ఇచ్చే పని ఈవిడ చేతిలో పెట్టేవాళ్ళు. పొడుగు మనిషి, అందరూ తెలుసు, ఎవర్నీ మర్చిపోదు. హాల్లో అందరికీ ఇవ్వడం అయ్యాక పళ్ళెం కింద పెట్టకుండా లోపలివైపు తిరిగి “లోపల ఇంకెవరైనా ఉన్నారా?” అని కేకేసేది. బాత్‌రూమ్‌లో ఉన్న ముసలావిడో, పైగదిలో పిల్లాణ్ణి పడుకోబెడుతున్న అమ్మాయో పరుగెత్తుకొచ్చేవాళ్ళు. ఇంట్లో ఉన్న ఒక్క ఆడమనిషి కూడా బొట్టు లేకుండా వెళ్ళకూడదు, మా అమ్మమ్మ ఇంటి పట్టింపు అది. పెట్టాక గుమ్మం దాకా సాగనంపాలి కూడా.

నాగమణి మాకు దొరికింది ఈ కేకవల్లే. అది కార్తీకమాసం. మా ఊరి తెలుగువాళ్ళలో పెద్ద పలుకుబడి ఉన్న కుటుంబం ఒకటుండేది. ఆయన సాఫ్ట్‌వేర్ కన్సల్టింగ్ కంపెనీ నడిపేవాడు, ఆయన మనుషుల వీసా ఫైళ్ళన్నీ పిన్నివే. ఆవిడ పేరు ప్రమీల అనుకుందాం. వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతానికి హాలు పట్టనంత మంది వచ్చారు. పులిహోర, బొబ్బట్లు, పెరుగావడలు, అన్నీ ఇంట్లో చేసినవే. “ఎలా చేశారండీ ఇంతమందికి” అంటే ప్రమీలగారు “ఏదో, అలా అయిపోయింది” అని నవ్వారు. పిన్ని పళ్ళెం తీసుకుంది. పక్కన జాకెట్టు గుడ్డలూ పళ్ళూ ఉన్న బుట్ట పట్టుకుని నేను. అందరికీ ఇచ్చాక మామూలుగా లోపలివైపు తిరిగి కేకేసింది. ఎవరూ రాలేదు. కానీ లోపల కుళాయి ఆగింది. గిన్నెలు తోముతున్న మనిషెవరో చెయ్యి ఆపి వింటున్నారన్నమాట. పిన్ని కిచెన్ వైపు నడిచింది.

సింకు దగ్గర ఒకామె నిలబడి ఉంది. నలభై దాటి ఉండవు. వెలిసిపోయిన వాయిలు చీర, దాని మీద మగవాళ్ళ స్వెట్టరు. మమ్మల్ని చూసి గోడకి ఒదిగిపోయింది. మా వెనకే ప్రమీలగారు గబగబా వచ్చారు.

“మా పెద్దమ్మ వైపు దూరపు చుట్టం విశాలగారూ. హెల్ప్‌గా ఉంటుందని తీసుకొచ్చాం. రండి, అవతల వాళ్ళు లీవ్ అవుతున్నారు” అన్నారు.

“చుట్టమైతే మరీ మంచిది. ఒక్క నిమిషం, బొట్టు పెట్టి వస్తాను.”

“అయ్యో, వద్దండీ. ఆవిడకి పెట్టకూడదు. భర్త పోయాడు పాపం.”

ఇది వేరే దేశంవాళ్ళు ఆడే అబద్ధం కాదు. ఆ పళ్ళెం ఆ గుమ్మం దాటకుండా ఆపడానికి తెలుగు ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మాట అది. అనగానే ఎవరైనా వెనక్కి తిరుగుతారు. ప్రమీలగారు అది తెలిసే అన్నారు. ఆవిడకి తెలియనిదల్లా, ఆ మాట ఎవరి గురించి అంటున్నారో ఆ మనిషికి కూడా చెవులున్నాయని. గోడకి ఒదిగిన మనిషి ముందుకొచ్చింది. తడి చేతులు స్వెట్టరుకి తుడుచుకుని, మెడలోంచి నల్లపూసల తాడు బయటికి తీసింది.

“మా ఆయన ఉన్నాడండి. గూడెంలో రైసుమిల్లులో చేత్తాడండి. ఎందుకండి అంత మాటంటారు?”

గొంతు పెంచలేదు. ఏడాదికి పైగా ఆ ఇంట్లో అన్నిటికీ తలూపిన మనిషని తర్వాత తెలిసింది. పాస్‌పోర్టు తీసుకుంటే ఇచ్చేసింది. మొగుడితో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు పక్కన ప్రమీలగారు నిలబడితే ఊరుకుంది. గడప దాటితే పోలీసులు జైల్లో వేస్తారంటే నమ్మింది. బతికున్న మొగుణ్ణి పోయాడంటే మాత్రం ఊరుకోలేకపోయింది. ప్రమీలగారు “అదే, వాళ్ళకి మాటల్లేవు, ఉన్నా లేనట్టేనని” అని ఏదో సర్దబోయారు. ఇంతలో హాల్లోంచి ఎవరో వెళ్ళొస్తామని పిలిస్తే తప్పక వెళ్ళారు.

పిన్ని తొందరపడలేదు. ముందు బొట్టు పెట్టింది, పాదాలకి పసుపు రాసింది, జాకెట్టు గుడ్డలో పండు పెట్టి చేతికిచ్చింది. ఇవన్నీ చేస్తూనే నాలుగు ప్రశ్నలడిగింది. పేరేంటమ్మా. కాగితాలు నీ దగ్గర ఉన్నాయా. బయటికి ఎప్పుడైనా వెళ్తావా. నీకు ఇక్కడ ఉండటం ఇష్టమేనా. నాగమణి మొదటి మూడింటికీ జవాబు చెప్పింది. మంగళవారం పొద్దున చెత్తడబ్బా రోడ్డు మీద పెట్టడానికి తప్ప బయటికి పంపరంది. నాలుగో ప్రశ్నకి పిన్ని మొహంలోకి చూసింది, అంతే. “మంగళవారం ఈ వీధి చివర నీలం కారులో ఉంటాను. వస్తే వస్తావు. లేకపోతే ఆ పై మంగళవారం కూడా అక్కడే ఉంటాను” అంది పిన్ని.

కారెక్కగానే నేను పోలీసులకి ఫోన్ చెయ్యమన్నాను. నాకు ఇరవై రెండేళ్ళు, అన్నిటికీ ఫోన్ నంబరు ఉంటుందనుకునే వయసు. “చేస్తే వస్తారు. గుమ్మంలో నిలబడి అడుగుతారు. పక్కన ప్రమీల నిలబడి ఉంటే ఆ పిల్ల ఏం చెబుతుంది? మావాళ్ళేనండీ, నేను బాగున్నానండీ అంటుంది. ఒకసారి ఆ మాట అన్నాక మళ్ళీ తిప్పడం ఎంత కష్టమో నీకు తెలీదు. బయటికి రావడం తన సొంత నిర్ణయం కావాలి. ఆ తర్వాత పోలీసులే కాదు, దేవుడొచ్చినా నేను మాట్లాడతాను” అంది పిన్ని. ఆవిడ అలా మాట్లాడినప్పుడు ఎదురు చెప్పడానికి మనకేమీ మిగలదు. ఇంతటి ధీమా ఎక్కడినుంచి వచ్చేదో గానీ, అది అంటువ్యాధిలా నాకూ అంటుకుంది.

అప్పటికి నా దగ్గర లెర్నర్స్ పర్మిట్ ఉంది. డ్రైవింగ్ ప్రాక్టీస్ అని పేరు పెట్టి మంగళవారాలు నాచేతే కారు నడిపించింది పిన్ని. వీధి చివర ఆపి, ఫ్లాస్కులో కాఫీ తాగుతూ ఆవిడ ఫైళ్ళు చదువుకునేది. నేను స్టీరింగ్ వదలకుండా ఆ ఇంటి గరాజ్ తలుపు చూస్తూ కూర్చునేదాన్ని. తలుపు లేచేది. నాగమణి చక్రాల డబ్బా దొర్లించుకుంటూ వచ్చి, పెట్టి, మా వైపు చూసి, లోపలికి వెళ్ళిపోయేది. “చూసింది. ఇవాళ్టికి అది చాలు” అనేది పిన్ని, గెలిచినట్టు. ఒక వారం డబ్బా పెట్టడానికి ఆ ఇంటాయనే వచ్చాడు. నేను సీట్లో కిందికి జారాను. పిన్ని ఫైలులోంచి తలెత్తకుండా “జలుబు చేసుంటుంది, వచ్చేవారం వస్తుంది” అంది. వచ్చేవారం వచ్చింది కూడా. అప్పటికి వీధంతా మంచు. డబ్బా అంచున పెట్టింది, మూత సరిచేసింది, వెనక్కి తిరగలేదు. సాక్సుల మీద రబ్బరు చెప్పులతో, మంచులో జాగ్రత్తగా అడుగులేసుకుంటూ మా కారు వైపు నడిచింది. కంగారులో నేను వైపర్లు ఆన్ చేశాను. ఆమె వెనక సీట్లో కూర్చుని తలుపేసుకుంది. చేతిలో పిన్ని ఇచ్చిన జాకెట్టు గుడ్డ తప్ప ఏమీ లేదు.

“డబ్బా సరిగ్గానే పెట్టానండి” అంది.

ఆ మాటకి పిన్ని కళ్ళు తుడుచుకోవడం చూశాను. ఆ తర్వాత ఎన్నో కేసులు గెలిచింది, ఎక్కడా తుడుచుకోలేదు.

నాగమణి నా బేస్‌మెంట్‌లో నా పక్కన ఇంకో పరుపు మీద పడుకునేది. తెల్లారకముందే లేచి ఇల్లు తుడిచేది. పిన్ని చీపురు లాక్కుంది. గరిటె పట్టుకోబోతే గరిటె లాక్కుంది. “ఈ ఇంట్లో నువ్వు పని చేస్తే నేను కోర్టులో ఏ మొహం పెట్టుకుని మాట్లాడాలి?” అని గదమాయించేది. ఓ పక్క పప్పు మాడుతోంది, అలారం మోగుతోంది, నాగమణి చేతులు కట్టుకుని కన్నీళ్ళ పర్యంతమై చూస్తోంది, అది పొగవల్లో బాధవల్లో తెలీదు. బాబాయి తువ్వాలు ఊపుతూ “విశాలా, మానవ హక్కుల్లో నా కడుపు కూడా వస్తుందేమో చూడు” అన్నాడు. చివరికి నాగమణే తేల్చింది.

“నాకిట్టమైనా చెయ్యకూడదాండి?”

పిన్ని లాక్కున్న గరిటె తిరిగి ఆమె చేతిలో పెట్టింది. “చెయ్యి. కానీ ఇష్టం లేని రోజు చెయ్యనని చెప్పాలి. పైకి, నా మొహం మీద చెప్పాలి” అని ఒప్పందం పెట్టింది. నెలల తరబడి నాగమణికి అన్ని రోజులూ ఇష్టమైన రోజులే అయ్యాయి. మేము గోదావరి పులుసులు తిని ఒళ్ళు చేశాం. ఒక ఆదివారం ఆమె సోఫాలో కూర్చుని, కాళ్ళు పైకి పెట్టుకుని, టీవీ చూస్తూ, “ఇయ్యాల నేను వంట చెయ్యనండి” అంది. పిన్ని పరుగెత్తుకెళ్ళి బాబాయిని లేపి ఆ సంగతి చెప్పింది. ఆ రోజు మాడిన పప్పుని అందరం పండగలా తిన్నాం.

బలవంతపు చాకిరీ నుంచి బయటపడిన వాళ్ళకి ఈ దేశంలో ఒక ప్రత్యేకమైన వీసా ఉంది. అప్పటికది కొత్త, చాలామంది లాయర్లకే సరిగా తెలీదు. పిన్ని దాని అంతు చూసింది. అధికారులు వెళ్ళి పాస్‌పోర్టు తెచ్చారు, కేసు నడిచింది, ఆ కుటుంబం తప్పు ఒప్పుకుని, ఇల్లమ్ముకుని టెక్సాస్ వెళ్ళిపోయింది. ఇది లైబ్రరీ గోడకి సరిపోయే భాగం. సరిపోని భాగం ఏమిటంటే, మా శనివారాలు ఖాళీ అయ్యాయి. భోజనాల బల్ల మీద కాఫీ కప్పులు తగ్గాయి. గుళ్ళో ఎదురైనవాళ్ళు పలకరింపు తగ్గించారు. ఒకాయన మాత్రం ధైర్యం చేసి అడిగాడు.

“మన ఇళ్ళల్లో మనుషులు పని చెయ్యరా అమ్మా? స్లేవరీ అని అంత పెద్ద మాట ఎందుకండీ? మన కమ్యూనిటీ పరువేం కావాలి?”

“మంచులోకి వెళ్ళడానికి బూట్లు కూడా ఇవ్వని మనిషిని మీరేమంటారో చెప్పండి, ఆ మాటే వాడతాను” అంది పిన్ని.

ఆయన చెప్పలేదు. పిన్ని అదే మాట వాడుతూ వచ్చింది. ఖాళీ అయిన శనివారాల్లోకి వేరే మనుషులు వచ్చారు. ఫిలిప్పీన్స్ నుంచి, ఇథియోపియా నుంచి, గ్వాటెమాలా నుంచి, వంటిళ్ళలోంచీ నెయిల్ పార్లర్లలోంచీ బయటపడిన వాళ్ళు. చెప్పుల దగ్గర ఆగే అలవాటు అందరికీ ఒకటేనని పిన్ని ఆశ్చర్యపోయేది. ఒక్కొక్కరినీ విడిపిస్తే చాలదు, పనిచేసేవాళ్ళ పాస్‌పోర్టు దాచుకోవడమే పెద్ద నేరమని రాష్ట్రం చట్టం చెయ్యాలి, అందుకు రిచ్‌మండ్‌లో, రాష్ట్ర శాసనసభలో కూర్చోవాలి అని ఒక రోజు కాఫీ తాగుతూ ప్రకటించింది. బాబాయి కప్పు కింద పెట్టి “ఎన్ని యార్డ్ సైన్లు కావాలి?” అని అడిగాడు.

ఆ ఎన్నికలో నాకు గుర్తున్నది ఒక్క సాయంత్రం. కమ్యూనిటీ సెంటర్‌లో మన వాళ్ళతో మీటింగ్. నేను అప్పటికి ఉద్యోగంలో ఉన్నాను, నాగమణి ఒక స్కూల్ కెఫెటీరియాలో పనిచేస్తోంది. మేమిద్దరం వెనక వరసలో కూర్చున్నాం. పిన్ని ప్రచారం చూసుకునే అబ్బాయి అప్పటికే ఎన్నోసార్లు బతిమాలాడు, ఆమెని ఒక్కసారి స్టేజి మీదికి తెస్తే గెలుస్తామని. నాగమణి వద్దంది. ఇక్కడ జరిగింది గూడెంలో మొగుడికి తప్ప ఎవరికీ తెలీదు, తెలిస్తే ఎదిగిన కూతురి గురించి ఏమంటారోనని భయం. పిన్ని చెప్పనని మాటిచ్చింది. ఆ సాయంత్రం ఒకాయన లేచి నిలబడ్డాడు.

“ఎప్పుడు చూసినా ఒక మనిషిని సేవ్ చేశానంటారు. ఎవరండీ ఆ మనిషి? పేరు చెప్పండి. అసలు ఉందా?”

నాగమణి చెయ్యి నా మోచేతిని పట్టుకుంది. పిన్ని మా వైపు చూడను కూడా లేదు.

“ఉంది. పేరు చెప్పను. పేరు చెబితేనే పడే ఓటైతే అది మీ దగ్గరే ఉంచుకోండి.”

ఓడిపోయింది. ఏడవలేదు, నిట్టూర్చలేదు. మర్నాడు పొద్దున్నే ఇళ్ళ ముందు పాతిన యార్డ్ సైన్ల అట్టలు పీక్కొచ్చి గరాజ్‌లో పేర్చింది, మళ్ళీసారికి పనికొస్తాయని. పనికొచ్చాయి. రెండోసారి గెలిచి, ఆ బిల్లు పెట్టి, రెండు సమావేశాలు పట్టువదలకుండా వెంటబడి పాస్ చేయించింది. ఈలోగా నాగమణి భర్తా కూతురూ వచ్చేశారు. ఆయన ఇక్కడి ఇండియన్ గ్రాసరీలో బియ్యం బస్తాల మధ్య మళ్ళీ తన మిల్లులో ఉన్నంత సంతోషంగా ఉన్నాడు. ఇప్పుడు ఇవన్నీ పేరుతో సహా రాస్తున్నానంటే నాగమణి రాయమంది కాబట్టే. “రాసుకోండమ్మా, ఇప్పుడు నాకేం బయ్యం” అంది.

ఆ రోజులకీ ఈ రోజులకీ తేడా చెప్పమంటే చాలా చెప్పొచ్చు. ఇప్పుడు వ్రతాలకి కేటరింగ్ వాళ్ళు ట్రేలు తెస్తారు, కిచెన్‌లో ఎవరూ ఉండరు. తాంబూలాలు ముందే సంచుల్లో కట్టి గుమ్మం పక్కన పెడతారు, వెళ్ళేవాళ్ళే ఒకటి తీసుకుని వెళ్తారు. పని సులువైంది, నేనూ అలాగే చేస్తాను, తప్పుపట్టను. కాకపోతే సంచి ఎవరినీ పిలవదు. ఇంట్లో ఎవరున్నారో తెలుసుకోవలసిన అవసరం దానికి లేదు. ఆ పాత పద్ధతిలో తలుపు మూసే పెంకితనం కూడా ఉందని, భర్త లేని ఆడవాళ్ళని పక్కన కూర్చోబెట్టేది కూడా ఆ పళ్ళెమేనని నాకు బాగా తెలుసు. అది నాకు తెలిసొచ్చిన రోజు ఒకటుంది.

బాబాయి ఒక వసంతంలో హఠాత్తుగా పోయాడు. ఆ తర్వాత కొన్ని నెలలకి, మా ఆయనా నేనూ కొనుక్కున్న టౌన్‌హౌస్ గృహప్రవేశం. పొద్దున్నుంచీ పిన్ని కిచెన్‌లోనే ఉంది. ఎవరూ ఉండమనలేదు. “పులిహోర నేను చూసుకుంటాలే” అంది. ఆవిడకి పులిహోర రాదని అక్కడున్న అందరికీ తెలుసు, ఐనా ఎవరం ఏమీ అనలేదు. నుదురు ఖాళీగా ఉంది. శాసనసభలో లేచి నిలబడి మాట్లాడే మనిషి, పళ్ళెం తిరిగే వేళకి తనంతట తనే లోపలికి తప్పుకుంది. పళ్ళెం నా చేతిలో పెట్టారు. నేను వరసగా పెట్టుకుంటూ వస్తున్నాను గానీ, లోపలివైపు తిరిగి ఆ కేక వెయ్యలేదు.

కెఫెటీరియా డ్యూటీ ముగించుకుని నాగమణి ఆలస్యంగా వచ్చింది. నేను బొట్టు పెట్టాక చుట్టూ చూసింది. నా చేతిలోంచి పళ్ళెం తీసుకుంది. లోపలివైపు తిరిగి, అచ్చం పిన్ని గొంతులా, “లోపల ఇంకెవరైనా ఉన్నారా?” అని కేకేసింది.

మా అత్తగారు దగ్గరికొచ్చి నెమ్మదిగా “నాగమణీ, ఆవిడకి పెట్టకూడదమ్మా” అన్నారు.

“అది ఆవిడ్ని అడుగుతానండి” అని నాగమణి కిచెన్‌లోకి నడిచింది. నేను వెనకే వెళ్ళాను. పిన్ని సింకు దగ్గర నిలబడి ఉంది. కుళాయి కట్టేసింది.

“వద్దు నాగమణీ. ఇప్పుడు మూర్తి లేడు కదా.”

“తెలుసండి. నేనూ ఏడిచాను కదండి. ఆ రోజు మా ఆయన పోయాడని నన్నడక్కుండా ఆళ్ళే చెప్పేశారు. మీరొక్కరే నన్నడిగారు. ఇప్పుడు మిమ్మల్ని కూడా ఎవరూ అడిగినట్టు లేరు. నేనడుగుతున్నాను. పెట్టమంటారా, వద్దంటారా? మీకిట్టం లేకపోతే పెట్టను.”

పిన్ని చేతిలోని గరిటె పక్కన పెట్టింది. కొంగుతో నుదురు తుడుచుకుంది. నాగమణి కంటే బాగా పొడుగు కాబట్టి కొంచెం వంగింది.

నాగమణి రూపాయంత బొట్టు పెట్టి, ముక్కు మీద రాలిన కుంకుమ వేలితో తుడిచింది. “రండి, పులిహోర సంగతి నేను చూత్తాను” అని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. పిన్ని హాల్లోకి వచ్చి అందరి మధ్యా కూర్చుంది.